అమెరికా మ్యాచ్‌బుక్ కవర్ల సేకరణ – నాలుగో పాఠం: కాలం తేల్చడం, ధర కట్టడం

ఈసారి నేరుగా కాలం తేల్చే పనిలోకి దిగాలి. కానీ మూడో పాఠం తర్వాత మీరు పంపిన ఫోటోలు చూశాక, మ్యాచ్‌బుక్ (అట్ట మడతలో అగ్గిపుల్లలు పెట్టి చేసే చిన్న పుస్తకం) నుంచి పుల్లలు తీసే పద్ధతిని మళ్ళీ ఒకసారి చెప్పక తప్పడం లేదు. సగం కవర్లకు కింది అంచు లేదు. కాలం తేల్చడానికి కావాల్సిన ఆధారాల్లో ముఖ్యమైనది ఆ కింది అంచు మీదే ఉంటుంది.

కత్తెర వాడినవాళ్ళతో మొదలుపెడదాం. మ్యాచ్‌బుక్ కవరు అంటే పొడుగాటి ఒకే అట్ట ముక్క. దాని కింది కొస పైకి మడిచి, పుల్లల మొదళ్ళను లోపల పెట్టి, అడ్డంగా ఒక పిన్ను కొడతారు. పిన్ను మొండికేసిందని ఆ చిన్న మడతనే కత్తిరించి పారేస్తే పుల్లలు సులువుగా వచ్చేస్తాయి, నిజమే. కానీ ముందువైపు గీసే పట్టీ ఉన్న పాత కవర్లలో పట్టీ ఉండేది ఆ మడత మీదే. తయారీ కంపెనీ పేరు, ఊరు సన్నటి అక్షరాల్లో వేసేది కూడా చాలావరకు ఆ చుట్టుపక్కలే. ఇలా కింది భాగం పోయిన కవరును అమెరికా సేకర్తలు ‘బాబ్‌టెయిల్’ అంటారు. మామూలు కవరు బాబ్‌టెయిల్ అయితే ఉచితంగా ఇచ్చినా ఎవరూ తీసుకోరు. అత్యంత అరుదైనవాటికి మాత్రమే ఆ లోపాన్ని మన్నిస్తారు.

పిన్ను తీయడం ఇలా. ముందు పిన్ను కాళ్ళు ఏ వైపు వంగి ఉన్నాయో చూడండి. ఆ వైపును పైకి పెట్టి, కాలి పక్కన పోస్టుకార్డు మందం ఉన్న అట్ట ముక్క ఒకటి ఆనించండి. మీ పనిముట్టు రాసుకునేది ఆ ముక్కకే, కవరుకు కాదు. సన్నటి ఫ్లాట్ స్క్రూడ్రైవరు గానీ, గోళ్ళు రుద్దే ఆకురాయి కొస గానీ కాలి కిందికి దూర్చి నిటారుగా లేపండి. రెండో కాలూ అంతే. రెండూ నిటారుగా నిలిచాక కవరు తిప్పి, పిన్ను నడుమును పట్టకారుతో పట్టుకుని రెండు పక్కలా సమానంగా లాగండి. ఒక్క పక్కే లాగితే రంధ్రం చీలిక అవుతుంది.

తుప్పు పట్టిన పిన్ను అయితే అసలు లాగొద్దు. తుప్పు అట్ట పీచును పట్టుకుని ఉంటుంది, లాగితే రంగుతో సహా పెచ్చు లేస్తుంది. లేపిన కాలిని అటూ ఇటూ మూడు నాలుగు సార్లు వంచితే మొదట్లో పుటుక్కున విరుగుతుంది. రెండు కాళ్ళూ విరిగాక నడుము దానంతట అదే ఊడి వస్తుంది. చిన్న చిన్న పిన్ను రంధ్రాలు లోపం కాదు, వాటికి ఎవరూ ధర తగ్గించరు. తుప్పు మరకకు మాత్రం తగ్గిస్తారు.

పుల్లలు రెండు పలకలుగా బయటికొస్తాయి. 20 పుల్లల పుస్తకంలో పలకకు పది. అవి చేతికి రాగానే నీళ్ళ గిన్నెలో పడాలి. పుల్ల తలలో పొటాషియం క్లోరేటు ఉంటుంది, కవరు మీది పట్టీలో ఎర్ర భాస్వరం ఉంటుంది. వంద కవర్లు విప్పి పుల్లలూ కవర్లూ ఒకే ప్లాస్టిక్ సంచిలో పోసి కట్టినవాళ్ళు ఫోటో కూడా పంపారు. దయచేసి ఈ రోజే వేరు చేయండి.

ఇక ఇస్త్రీ పెట్టె. కవరు చదునుగా రాలేదని ఇస్త్రీ చేయడం కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే. రేకు పూత ఉన్నవి బుడగలు పొంగుతాయి, మెరుపు సిరా చచ్చిపోతుంది, మడతల దగ్గర రంగు పగులుతుంది. ఆవిరి పట్టడం అంతకంటే చెడ్డది, ఎందుకంటే తడికి పట్టీలోని మందు గోధుమరంగు మరకగా అట్టలోకి దిగుతుంది. రెండు తెల్లకాగితాల మధ్య పెట్టి, బరువైన పుస్తకాల కింద వారం పది రోజులు వదిలేయండి. ఒక కవరు మీద ఇంకో కవరు నేరుగా పెట్టొద్దు, ఒకదాని పట్టీ ఇంకోదాని బొమ్మను గీకుతుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వైపు ఉన్నవాళ్ళు వానాకాలంలో ఈ పని పెట్టుకుంటే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసుకోండి. పూర్తిగా చదును కాకపోయినా ఫర్వాలేదు. ఆల్బం చీలికల్లో దూర్చాక అదే సర్దుకుంటుంది. జిగురు, టేపు అనే మాటలు మాత్రం ఈ పాఠాల్లో మళ్ళీ వినపడకూడదు.

పుల్లలతో సహా ఉంచితే ధర ఎక్కువ రాదా అని చాలామంది అడిగారు. చాలావరకు రాదు. అమెరికా క్లబ్బుల సేకర్తలు కోరేది పుల్లలు తీసి చదును చేసిన కవరునే. మినహాయింపు ‘ఫీచర్’ పుస్తకాలు. న్యూయార్క్‌లోని లయన్ మ్యాచ్ కంపెనీ చేసిన వీటిలో పుల్లల మీద కూడా బొమ్మలో అక్షరాలో అచ్చయి ఉంటాయి. వాటిని విప్పితే సగం వస్తువును పారేసినట్టే, అలాగే ఉంచండి. అమెరికా నుంచి తెప్పించుకునేవాళ్ళకు ఇంకో చిక్కు ఉంది. అక్కడి తపాలా శాఖ అగ్గిపుల్లలను విదేశాలకు పంపనివ్వదు. డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో వచ్చే బంధువు సూట్‌కేసులో పెట్టి తెస్తే సరిపోతుందనుకోకండి, చెక్-ఇన్ సామానులో అగ్గిపుల్లలు నిషేధం. అక్కడే పుల్లలు తీయించి, చదును చేసిన కవర్లను ఉత్తరం కవరులో తెప్పించుకోండి. తపాలా ఖర్చు కూడా కలిసొస్తుంది.

సరే, అసలు పాఠం.

కవరు చేతికి రాగానే చూడాల్సింది గీసే పట్టీ ముందుందా వెనకుందా అని. ఇది మీకు తెలిసిందే కాబట్టి సాగదీయను. పట్టీ వెనకవైపే ఉండాలన్న అమెరికా ప్రభుత్వ భద్రతా నిబంధన 1978 మేలో అమల్లోకి వచ్చింది. అంతకు కొన్నేళ్ళ ముందు నుంచే కంపెనీలు మారుతూ వచ్చాయి. అందుకే ముందు పట్టీ అంటే స్థూలంగా 1978కి ముందు, వెనక పట్టీ అంటే 1970ల మధ్య నుంచి ఇటు. నేనైతే పెద్ద గుట్ట కొన్నప్పుడు వెనక పట్టీవన్నీ ముందు ఏరి పక్కన పడేస్తాను, మిగిలినవాటి మీదే కూర్చుంటాను. ఇది నా అలవాటు మాత్రమే. కాసినోలు, విమానయాన సంస్థలు సేకరించేవాళ్ళు అలా చేస్తే మంచివి పోగొట్టుకుంటారు.

తర్వాత కింది అంచు మీది సన్నక్షరాలు. పది రెట్ల భూతద్దం పెట్టి చదవండి. కంపెనీ పేరు దొరికితే కవరు ఆ కంపెనీ పుట్టుక కంటే పాతది కాదని తేలుతుంది. లయన్ 1917లో, సెయింట్ లూయిస్‌లోని యూనివర్సల్ 1925లో, షికాగోలోని సుపీరియర్ 1932లో, న్యూహాంప్‌షైర్‌లోని డి.డి. బీన్ 1938లో మొదలయ్యాయి. ‘1920ల నాటి అరుదైన కవరు’ అంటూ అమ్మేదాని అడుగున సుపీరియర్ పేరు కనిపిస్తే బేరం అక్కడితో ముగిసినట్టే. డైమండ్, ఓహైయో కంపెనీలు చాలా పాతవి, వాటి పేరు ఒక్కదానితో పెద్దగా తేలదు.

ఆపైన చిరునామా. ‘షికాగో 11, ఇల్లినాయ్’ అన్నట్టు ఊరి పేరు పక్కన ఒకటి రెండు అంకెలుంటే అది తపాలా జోన్, 1943లో వచ్చింది. అయిదంకెల జిప్ కోడ్ (మన పిన్‌కోడ్ లాంటిది) 1963 జులై 1న మొదలైంది. రాష్ట్రం పేరు రెండు పెద్ద అక్షరాల్లో రాయడం కూడా ఆ ఏడాదిదే. జిప్ వెనక గీత పెట్టి ఇంకో నాలుగంకెలు ఉంటే 1983 తర్వాతది. ఫోన్ నంబరు ముందు అక్షరాలుంటే అవి పాత టెలిఫోన్ ఎక్స్ఛేంజి పేరువి. న్యూయార్క్ హోటల్ పెన్సిల్వేనియా నంబరు ‘పెన్సిల్వేనియా 6-5000’ (పేరులోని మొదటి రెండక్షరాలు, ఆపైన అయిదంకెలు) లాంటివి. ఆ నగరంలో మూడక్షరాలు, నాలుగంకెల పద్ధతి పోయి రెండక్షరాలు, అయిదంకెలు వచ్చింది 1930 డిసెంబరులో.

ఇంకా ఇరుకుగా పట్టించేవి బొమ్మలూ నినాదాలూ. నీలి గద్ద గుర్తుతో ఎన్.ఆర్.ఏ. (నేషనల్ రికవరీ అడ్మినిస్ట్రేషన్ అనే ప్రభుత్వ సంస్థ) అని ఉంటే 1933–35, అంతే. అమెరికా సుప్రీంకోర్టు 1935లో దాని వెనకున్న చట్టాన్ని కొట్టేసింది. ‘వార్ బాండ్లు కొనండి’ అంటే 1942–45. అదే ‘డిఫెన్స్ బాండ్లు’ అని ఉంటే దానికి కొంచెం ముందు, 1941 ప్రాంతం. కాక్‌టెయిల్స్, విస్కీ ప్రకటన అయితే 1933 డిసెంబరులో మద్యనిషేధం ఎత్తేశాకే అనుకోవచ్చు, 1920కి ముందువి దొరకడం గగనం. 49 నక్షత్రాల జెండా అయితే 1959 జులై నుంచి 1960 జులై దాకా. న్యూయార్క్ విమానాశ్రయాన్ని ‘ఐడిల్‌వైల్డ్’ అని రాస్తే అది 1963 చివర్లో కెనెడీ పేరు పెట్టకముందు పెట్టిన అచ్చు. ‘మాస్టర్ చార్జ్’ (మాస్టర్‌కార్డ్ పాత పేరు) అని ఉంటే 1960ల చివరి నుంచి 1979 దాకా.

ఇప్పుడు నాకు ఒళ్ళు మండే విషయం. మీ జాబితాల్లో ‘జిప్ కోడ్ లేదు కాబట్టి 1963కి ముందు’ అన్న వాక్యం పదే పదే కనిపిస్తోంది. ఇది తప్పు. కవరు మీద ఉన్నది సాక్ష్యం, లేనిది సాక్ష్యం కాదు.

ఒక కవరును దగ్గర పెట్టుకుని చూద్దాం. ముందు పట్టీ. మోటెల్ పేరు. ‘యు.ఎస్. 66 ఈస్ట్, అమరిల్లో, టెక్సాస్’. రెండక్షరాలతో మొదలయ్యే ఫోన్ నంబరు. ఏసీ, టీవీ ఉన్న గదులని ఒక ముక్క. జిప్ లేదు, జోన్ లేదు. మీలో చాలామంది దీనికి ‘1950లు’ అని రాస్తారు. అక్షరాల ఫోన్ నంబరూ అలాగే అనిపిస్తుంది, టీవీని గొప్పగా చెప్పుకోవడమూ అలాగే అనిపిస్తుంది. ఇప్పుడు కవరు వెనక్కి తిప్పండి. ఓ మూల వేలిగోరంత బ్యాంక్‌అమెరికార్డ్ అనే క్రెడిట్ కార్డు గుర్తు. ఆ కార్డు 1958లో కాలిఫోర్నియాలో పుట్టింది. 1966లో ఇతర రాష్ట్రాల బ్యాంకులకు అనుమతులిచ్చేదాకా ఆ రాష్ట్రం దాటలేదు. టెక్సాస్ మోటెల్ దాన్ని తీసుకుంటోందంటే కవరు 1966కి ముందుది కానే కాదు. 1976లో ఆ కార్డు పేరు వీసాగా మారింది. కాబట్టి 1966–76, మహా అయితే 1976 తర్వాత ఇంకో ఒకటి రెండేళ్ళు. మరి జిప్ ఎందుకు లేదు? మోటెల్‌కు కావాల్సింది దారిన పోయే కారు ఆగడం, ఉత్తరం రావడం కాదు. హైవే నంబరు ఉంటే చాలు.

లేకపోవడానికి ఇంకా కారణాలున్నాయి. తపాలా జోన్లు పెద్ద నగరాలకే ఇచ్చారు, చిన్న ఊరి కవరు మీద అవి ఏ కాలంలోనూ ఉండవు. ఊళ్ళో అందరికీ తెలిసిన కెఫే చిరునామాయే వేయదు. అన్నిటికంటే ముఖ్యమైనది ఆర్డరు పద్ధతి. 50 పుస్తకాలు ఒక పెట్టె, 50 పెట్టెలు ఒక కేసు. అంటే చిన్న కొట్టు ఆర్డరు కూడా మామూలుగా 2,500 పుస్తకాలు. అయిపోయాక మళ్ళీ ఆర్డరిస్తే కొత్తగా అక్షరాలు కూర్చడం దండగని పాత అచ్చుతోనే కానిచ్చేసేవారు. ఫోన్ కంపెనీ నంబర్లు మార్చేసినా కవరు మీద పాత అక్షరాలు నాలుగైదేళ్ళు బతికే ఉంటాయి. జిప్ వచ్చి అయిదేళ్ళయినా జోన్ నంబరుతో కవర్లు వస్తూనే ఉంటాయి.

దీన్నుంచి పట్టుకోవాల్సింది: ‘ఇంతకు ముందుది కాదు’ అనే హద్దు గట్టిది, ‘ఇంత తర్వాతది కాదు’ అనే హద్దు మెత్తనిది. 1943 నాటి జోన్ నంబరు 1938 కవరు మీదికి ఎక్కలేదు. 1963లో పోవాల్సిన జోన్ నంబరు 1967 కవరు మీద మిగిలిపోగలదు. మొదటిదాన్ని కింది హద్దు అందాం, రెండోదాన్ని పై హద్దు. కింది హద్దును ఒక్క ఆధారంతో రాసేయవచ్చు. పై హద్దుకు కనీసం రెండు కావాలి. ఒక్కటే దొరికితే పక్కన ‘సుమారు’ అని రాయండి. వ్యాపారం ఏ సంవత్సరాల్లో నడిచిందో పాత టెలిఫోన్ డైరెక్టరీలు, సిటీ డైరెక్టరీలు చెబుతాయి. అమెరికా గ్రంథాలయాలు చాలా ఊళ్ళవి స్కాన్ చేసి ఉంచాయి, ఉచితంగా చూడొచ్చు. ఒక హోటల్ 40 ఏళ్ళు నడిచిందని దాని కవరుకు మొదటి ఏడాది అంటగట్టేవాళ్ళూ ఉన్నారు, వాళ్ళ సంగతి ఇంకో పాఠంలో.

ధర సంగతికొస్తే, ముందు ఒక భ్రమ వదిలించుకోండి. పాతది కాబట్టి ఖరీదు అనేది ఇక్కడ నడవదు. పెన్సిల్వేనియా పేటెంటు న్యాయవాది జాషువా ప్యూసీ 1892లో పేటెంటు తీసుకున్నాక, డైమండ్ కంపెనీ సేల్స్‌మన్ హెన్రీ ట్రౌట్ పాబ్స్ట్ బీరు కంపెనీ నుంచి తెచ్చిన ఒక్క ఆర్డరే కోటి పుస్తకాలని చెబుతారు. ఆ తర్వాత దశాబ్దాల పాటు సిగరెట్టు కొన్న ప్రతివాడి చేతిలో ఒకటి ఉచితంగా పెట్టారు. 1950ల నాటి బ్యాంకు కవర్లు, బీమా కంపెనీ కవర్లు, గొలుసు రెస్టారెంట్ల కవర్లు గుట్టగా కొంటే ఒక్కోటి కొన్ని సెంట్లకే వస్తాయి. హాలిడే ఇన్ కవర్లయితే ఒకే బొమ్మ, ఊరి పేరు ఒక్కటే మారుతుంది. వాటిని వేలల్లో ఊరి వారీగా పేర్చుకునే ఓపికమంతులున్నారు, నాకు ఆవలింత వస్తుంది.

ధర పెంచేది ఆ విషయాన్ని వేరే కారణంతో కోరుకునేవాళ్ళు. బేస్‌బాల్ పిచ్చివాళ్ళు ఉన్నారు కాబట్టి డైమండ్ కంపెనీ 1930ల ఆటగాళ్ళ కవర్లకు గిరాకీ. 1934 నాటి సెట్లో 200 మంది ఆటగాళ్ళు, ఒక్కొక్కరు నాలుగు రంగుల్లో, పూర్తి సెట్టుకు 800 కవర్లు కావాలి. పెప్సీ ప్రకటనతో డిస్నీ గీసిన సైనిక దళాల చిహ్నాల సెట్టు 48 కవర్లు. దాన్ని డిస్నీవాళ్ళూ పెప్సీవాళ్ళూ యుద్ధ వస్తువులవాళ్ళూ ముగ్గురూ వెతుకుతారు. సుపీరియర్ అయిదు కవర్ల అమ్మాయిల బొమ్మల సెట్లు, రైల్వేలు, రూట్ 66 మోటెళ్ళు, 1933 షికాగో, 1939 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలు, మూతపడిన లాస్ వేగాస్ కాసినోలు, లయన్ ఫీచర్లు: గుట్టలో ముందు ఇవి ఏరండి. సెట్టు పూర్తయితే విడివిడి ధరల మొత్తం కంటే ఎక్కువ పలుకుతుంది. ఒక్కటి తగ్గినా ఆ అదనం పోతుంది. నాకు మాత్రం మూడంకెల ఫోన్ నంబరున్న చిన్న ఊరి కెఫే కవర్ల మీదే మనసు. వాటికి డబ్బు రాదు, ముందే చెబుతున్నా.

శిఖరాన ఉన్న రెండింటి గురించి అడుగుతూనే ఉన్నారు. 1895 నాటి మెండెల్సన్ ఒపెరా కంపెనీ కవరు ఒక్కటే మిగిలింది, మీకు దొరకదు. 1927 జూన్ 14న న్యూయార్క్ హోటల్ ఆస్టర్‌లో విమాన చోదకుడు చార్లెస్ లిండ్‌బర్గ్‌కిచ్చిన విందులో పంచిన కవరు కొన్నే మిగిలాయి, వేల డాలర్లు పలుకుతుంది. మీ గుట్టలో లిండ్‌బర్గ్ కనిపిస్తే అది వేరే ఏదో అయ్యే అవకాశమే ఎక్కువ.

ధర వేసేటప్పుడు అమ్మకందారు అడిగే అంకె చూడకండి. వేలం సైట్లలో అమ్ముడైనవి మాత్రమే చూపించే వీలుంటుంది, అది నొక్కి చూడండి. అదే కవరు దొరక్కపోతే అదే విషయం, అదే దశాబ్దం, అదే స్థితి ఉన్నవి కనీసం అయిదు అమ్మకాలు పట్టుకోండి. అన్నిటికంటే పై ధరను తీసేసి మిగతావాటి మధ్య అంకె తీసుకోండి. తపాలా ఖర్చు కలిపి ఉంటే విడదీయండి. రెండు డాలర్ల కవరుకు అయిదు డాలర్ల తపాలా ఉన్నచోట ‘ఏడు డాలర్లకు పోయింది’ అని రాసుకుంటే లెక్కంతా తప్పుతుంది. గుట్ట ధరను కవర్ల సంఖ్యతో భాగిస్తే వచ్చేది గుట్టలో ఎక్కువగా ఉన్న చవక కవరు ధర, మీ మంచి కవరు ధర కాదు.

స్థితికి నేను వాడే లెక్క ఇది. పట్టీ మీద ఒక్క గీతా లేని, మడతలో రంగు పగలని కవరు నిండు ధర. ఒకటి రెండు గీతలుంటే సగం. పట్టీ అరిగిపోతే పావు. 1930కి ముందు కవర్లకు గీతల విషయంలో ఇంత కరకుగా ఉండను, అవి వాడకుండా మిగిలినవే తక్కువ. వెనక ఆల్బం జిగురు పెచ్చు ఉంటే గీతలున్నదానికంటే కిందే పెడతాను, ఎందుకంటే లోపలి అచ్చు పోయి ఉంటుంది. పైమడత మీద కాలిన మచ్చ ఉంటే నేను కొనను.

అభ్యాసం. ముందు పట్టీ ఉన్న కవర్లు 20 తీసుకోండి, చేతిలో లేకపోతే అమ్మకానికి పెట్టిన ఫోటోలైనా సరే, రెండు వైపులూ కనిపించాలి. ప్రతి కవరుకు కింది హద్దు, పై హద్దు రాసి, ఒక్కో హద్దు పక్కన ఏ ఆధారంతో అన్నారో రాయండి. ‘లేదు కాబట్టి’ అని మొదలయ్యే ఆధారం ఒక్కటున్నా ఆ కవరు లెక్కలోకి రాదు. రెండు హద్దుల మధ్య 15 ఏళ్ళు దాటితే సిటీ డైరెక్టరీకి వెళ్ళి మళ్ళీ ప్రయత్నించండి. 20లో 12కి తేలితే చాలు. తర్వాత ఆ 12లో ఏవైనా మూడింటికి అయిదేసి అమ్మకాలు చూపించి ధర కట్టండి. ఒకదానికి ధర పావు డాలరు కంటే తక్కువ రావాలి. మూడూ అయిదు డాలర్లు దాటాయంటే మీరు అడిగే ధరలు చూస్తున్నారు, అమ్ముడైన ధరలు కాదు.